పెద్దమనుషులు రాయించిన స్టాంపు కాగితం ఉంటే విడాకులు అయినట్టేనా?

నిమ్మతోట
ఆదివారం, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. మాది కావలి దగ్గర పల్లె. ప్రైవేటు బడిలో టీచరుగా పనిచేస్తున్నాను. 2018లో పెళ్లయింది, అత్తవారిది ఒంగోలు. నాలుగున్నరేళ్ల పాప ఉంది. ఇరవై నెలలుగా పుట్టింట్లోనే ఉంటున్నాను. ఎందుకు వచ్చేశానో ఇక్కడ రాయను.

నేను వచ్చేసిన రెండు నెలలకు ఇరువైపుల పెద్దలూ మా ఊరి రామాలయం అరుగు మీద కూర్చున్నారు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద ‘ఇకమీదట మాకు భార్యాభర్తల సంబంధం లేదు, ఎవరి దారి వారిది’ అని రాసి ఇద్దరి చేతా సంతకాలు పెట్టించారు. నాకు ఆరు లక్షలు ఇస్తామని అందులో ఉంది. రెండు లక్షలు ఇచ్చారు. నా పద్నాలుగు సవర్ల బంగారంలో గాజులు మాత్రమే తిరిగి వచ్చాయి. ‘పాప ఖర్చులకు ఇకపై ఏమీ అడగను’ అనే వాక్యం కూడా అందులో ఉందని ఇంటికి వచ్చి చదువుకున్నాకే తెలిసింది.

ఇప్పుడు ఆయనకు మరో సంబంధం చూస్తున్నారట. నిన్న వాళ్ల లాయరు దగ్గరి గుమస్తా ఫోను చేసి, ‘మీరు వేరే లాయరును పెట్టుకోనక్కర్లేదు, ఒంగోలు వచ్చి నాలుగు సంతకాలు పెట్టి వెళ్లండి, మిగతాది మేము చూసుకుంటాం’ అన్నాడు. విడాకులు అయిపోయాయనే ఇన్నాళ్లూ అనుకున్నాను. అయిపోతే మళ్లీ ఈ సంతకాలు ఎందుకు? అసలు నేను ఇప్పుడు పెళ్లయినదాన్నా, కాదా?

సెకండ్‌షో
ఆదివారం, రాత్రి 10:05

స్టాంపు కాగితంతోనే విడాకులు వచ్చేటట్టయితే ఫ్యామిలీ కోర్టులో జడ్జిగారు ఈగలు తోలుకుంటూ కూర్చోవాలి. కాలేదండీ. ఆ కాగితం మీద రాజముద్ర ఉంటుంది గానీ రాజుగారి మాట ఉండదు.

ఉలవపాడు మామిడి
ఆదివారం, రాత్రి 10:40

చెల్లీ, ముందు ఒక్క మాట. ఆ గుమస్తా మళ్లీ ఫోను చేస్తే ‘మా లాయరుతో మాట్లాడి చెబుతాను’ అని పెట్టెయ్. లాయరు లేకపోయినా సరే, అలాగే చెప్పు. ఒంగోలు వెళ్లవద్దు. వెళ్లినా చదవకుండా దేని మీదా సంతకం పెట్టవద్దు. నేను పెట్టాను. తెల్ల కాగితాల మీద, అదీ మూడు. తర్వాత వాటి మీద ఏమి రాస్తారో అన్న భయంతో ఏడాది పాటు సరిగా నిద్రపోలేదు. మిగతా కథ రేపు రాస్తాను, ఇప్పుడు పిల్లలకు అన్నం పెట్టాలి.

చెరువుగట్టు
సోమవారం, ఉదయం 6:20

నేను రిటైరయినవాడిని. దర్శి వైపు మా ఊళ్లో ముప్పై ఏళ్లుగా ఇలాంటి పంచాయతీలకు నన్ను పిలుస్తూనే ఉన్నారు. కాబట్టి పెద్దల మీద అందరూ ఒకేసారి విరుచుకుపడకముందే నా మాట కూడా వినండి. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చాడని ఊరికే అనలేదు. రెండు కుటుంబాలు వీధిన పడకుండా, డబ్బు లాయర్ల పాలు కాకుండా ఒక్క పూటలో తేల్చేది పెద్దలే. మా నాన్నగారి కాలం నుంచీ ఇలాగే విడిపోయారు, మళ్లీ పెళ్లిళ్లూ చేసుకున్నారు, ఎవరూ జైలుకు వెళ్లలేదు. తల్లీ, నీకు రావలసిన నాలుగు లక్షలూ, బంగారమూ ఇప్పించమని ఆ పెద్దలనే అడుగు. మాట తప్పింది వాళ్లయితే దాన్ని నిలబెట్టే బాధ్యత కూడా వాళ్లదే.

సెకండ్‌షో
సోమవారం, ఉదయం 7:02

ఎవరూ ఫిర్యాదు చేయలేదు కాబట్టి ఎవరూ జైలుకు వెళ్లలేదు పెద్దాయనా.

నల్లకోటు
సోమవారం, రాత్రి 8:30

నెల్లూరులో ప్రాక్టీసు చేస్తున్నాను, ఎక్కువగా కుటుంబ కేసులే. ఇక్కడ ఎవరి కేసూ తీసుకోను, కాబట్టి నిర్మొహమాటంగా చెబుతాను.

నిమ్మతోట గారూ, చట్టం దృష్టిలో మీరు ఇంకా భార్యే. హిందూ వివాహ చట్టం 1955లో వచ్చింది. దాని ప్రకారం జరిగిన పెళ్లిని రద్దు చేయగలిగింది కోర్టు డిక్రీ, అంటే కోర్టు ఇచ్చే తీర్పు పత్రం ఒక్కటే. ఒక మినహాయింపు ఉంది: తమ కులంలో విడాకుల ఆచారం అనాదిగా ఉందని నిరూపించగలిగితే 29వ సెక్షను దాన్ని కాపాడుతుంది. నిరూపించడమంటే మా తాత చెప్పాడు అంటే చాలదు, సాక్ష్యాలతో కోర్టు ముందు నిలబడాలి. ఇన్నేళ్లలో దాని మీద గెలిచినవాళ్లను నేను చూసింది బహు తక్కువ. మీ కాగితంలో ఆచారం మాటే లేదు.

కాబట్టి ఆయన ఇప్పుడు తాళి కడితే ఆ రెండో పెళ్లి చెల్లదు. పైగా నేరం, ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. పాత శిక్షాస్మృతిలో 494 అనే వాళ్లం, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 82. ఆ లాయరు గుమస్తా చేత ఫోను చేయించింది అందుకే అనుకుంటాను. కొత్త సంబంధం వాళ్లు ‘డిక్రీ చూపించండి’ అని అడిగి ఉంటారు. ఈ రోజుల్లో అడుగుతున్నారు, మంచిదే. అంటే తొందర వాళ్లది. మీకు తొందర లేదు. బేరంలో ఈ సంగతి మరిచిపోకండి.

ఇక స్టాంపు కాగితం. దాన్ని చించవద్దు. విడాకులకు పనికిరాకపోయినా, మీరిద్దరూ ఏ తేదీ నుంచి విడిగా ఉన్నారో చెప్పే సాక్ష్యం అది. డబ్బు, బంగారం ఎంత ఒప్పుకున్నారో కూడా అందులో ఉంది. అయితే దానికి రెండో అంచు ఉంది. రేపు ఆయన ఒప్పుకోక మీరు ‘నన్ను వదిలేశాడు’ అనే కారణంతో విడాకులు అడగాలంటే రెండేళ్ల పరిత్యాగం చూపించాలి. పరిత్యాగం అంటే ఎదుటివారి ఇష్టం లేకుండా వారిని వదిలివేయడం. ఇద్దరూ ఒప్పుకొని విడిపోయామని సంతకం పెట్టిన కాగితం అవతలివాళ్ల చేతిలో ఉంటే ఆ వాదన నీరుగారిపోతుంది. అప్పుడు క్రూరత్వం వంటి వేరే కారణం మీదే నిలబడాలి. ఆ అరుగు మీద కూర్చున్న పెద్దల్లో ఎవరికైనా ఈ సంగతి తెలుసా అని అడిగితే జవాబు మీకే తెలుసు.

మీకు దగ్గరి దారి అదే చట్టంలోని 13బి సెక్షను, పరస్పర అంగీకారం. ఏడాదికి తక్కువ కాకుండా విడిగా ఉండి, ఇద్దరూ కలిసి పిటిషను వేయాలి. మొదటిసారి ఇద్దరి వాంగ్మూలం తీసుకుంటారు. తర్వాత, పిటిషను వేసిన నాటి నుంచి ఆరు నెలలు ఆగి, పద్దెనిమిది నెలల లోపు మళ్లీ వచ్చి, మా నిర్ణయం మారలేదని చెబితే డిక్రీ ఇస్తారు. ఆ ఆరు నెలలూ తప్పనిసరి కాదని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పిటిషను వేసేనాటికే ఏడాదిన్నర దాటి విడిగా ఉండి, రాజీ ప్రయత్నాలు విఫలమై, భరణం, పిల్లల సంగతి తేలిపోయి ఉంటే, మొదటి వాంగ్మూలం అయిన వారానికే ఆ గడువు మాఫీ చేయమని అడగవచ్చు. ఇవ్వడం, ఇవ్వకపోవడం జడ్జిగారి విచక్షణ. మీకు ఇరవై నెలలు కాబట్టి అడగడానికి అర్హత ఉంది.

ఎక్కడ వేయాలి అన్నది చాలామందికి తెలియదు. పెళ్లి జరిగిన చోట, చివరిసారి కాపురం చేసిన చోట, ఎదుటివారు ఉన్న చోట వేయవచ్చు. భార్య అయితే తాను ఇప్పుడు ఉంటున్న చోట కూడా వేయవచ్చు. 2003లో వచ్చిన సవరణ అది. ఒంగోలే వెళ్లాలన్న నియమం లేదు. మీ ఊరు కావలి కోర్టు పరిధిలోకి వస్తుందా, నెల్లూరు ఫ్యామిలీ కోర్టు కిందకు వస్తుందా అన్నది మీ లాయరు చూసుకుంటారు.

పాప గురించి రేపు రాస్తాను. చేతులు నొప్పి పుట్టాయి, మేము చెప్పి రాయించుకునే రకం.

పినాకిని ప్రయాణికుడు
సోమవారం, రాత్రి 9:15

కేసు ఎక్కడ వేయవచ్చో నల్లకోటు గారు చెప్పిన మాటకు నేనే ఉదాహరణ. నాది ఒంగోలు, ఆమెది నెల్లూరు. ఆమె నెల్లూరులో కేసు వేసింది. మూడున్నరేళ్లు ప్రతి వాయిదాకూ పొద్దున్నే పినాకిని ఎక్కి వెళ్లాను. పది గంటలకు వాకిట్లో నిలబడితే పేరు పిలవడం పన్నెండుకు. ‘జడ్జిగారు సెలవు’, ‘కౌంటరుకు సమయం కావాలి’, ‘అవతలి లాయరుకు వేరే కోర్టులో పని’. మళ్లీ రైలు. ఇంత తిరిగీ చివరికి మేము చేసింది 13బి సంతకమే. మొదటి నెలలో చేయవలసిన పని నాలుగో ఏట చేశాం.

తప్పు నాది కూడా. మొదట్లో సమన్లు వస్తే తీసుకోకుండా పోస్టుమ్యాన్‌ను వెనక్కి పంపేశాను. తీసుకోకపోతే కేసే ఉండదని మా బావ చెప్పాడు. నన్ను ఎక్స్‌పార్టీ చేశారు, అంటే నేను లేకుండానే కేసు నడిపారు. దాన్ని తీయించుకోవడానికే ఎనిమిది నెలలు పట్టింది.

బుచ్చి అబ్బాయి
సోమవారం, రాత్రి 11:48

మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. మాది బుచ్చిరెడ్డిపాళెం, నేను దుబాయిలో ఉన్నాను. మాదీ పరస్పర అంగీకారమే. రెండుసార్లూ నేను రావలసిందేనా? సెలవు దొరకడం లేదు.

నల్లకోటు
మంగళవారం, రాత్రి 8:10

బుచ్చి అబ్బాయి, నేను చెప్పిన 2017 తీర్పులోనే ఉంది: రాలేనివాళ్ల విషయంలో వీడియో ద్వారా మాట్లాడించవచ్చు, తల్లిదండ్రులో తోబుట్టువులో తరఫున రావడానికి కూడా అనుమతించవచ్చు. ముందే దరఖాస్తు పెట్టాలి. నా సలహా మాత్రం ఒక్కసారయినా స్వయంగా రండి. మనిషిని ఎదురుగా చూస్తే జడ్జిగారికి అనుమానం ఉండదు.

ఇక నిమ్మతోట గారి పాప. ‘ఖర్చులు అడగను’ అని రాసిచ్చింది మీరు, పాప కాదు. బిడ్డ భరణం బిడ్డ హక్కు, తల్లి సంతకంతో అది పోదు. కోర్టులో వేసే ఒప్పందంలో ఆ వాక్యం ఉంటే జడ్జిగారే ఆపి అడిగే అవకాశం ఎక్కువ. ఐదేళ్ల లోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 నాటి మైనారిటీ, సంరక్షకత్వ చట్టం చెబుతుంది. తండ్రి ఏ రోజుల్లో వచ్చి చూడవచ్చు, పండగలకు ఎక్కడ, బడి ఫీజు ఎవరు కట్టాలి, ఏడాదికి ఎంత పెంచాలి, ఇవన్నీ ఇప్పుడే రాసుకోండి. ‘తర్వాత మాట్లాడుకుందాం’ అని వదిలేసినవే ఐదేళ్ల తర్వాత మా దగ్గరకు కొత్త కేసులుగా వస్తాయి. మాకు బాగానే ఉంటుంది, మీకు ఉండదు.

మిగిలిన నాలుగు లక్షలు నోటి మాటగా వద్దు. మొదటి వాంగ్మూలం రోజు సగం, రెండో వాంగ్మూలం రోజు మిగతా సగం, డీడీ రూపంలో, కోర్టులోనే చేతికి ఇచ్చేలా పిటిషనులో రాయించండి. బంగారం సవర్లలో కాకుండా గ్రాములలో, వస్తువు వస్తువుగా రాయండి. మీ నగలు మీ సొత్తు, వాళ్లు ఇస్తున్న సాయం కాదు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: డిక్రీ వచ్చేదాకా ఎవరైనా ఒప్పుకోలు వెనక్కి తీసుకోవచ్చు. 1991లోనే సుప్రీంకోర్టు తేల్చింది. మీరూ తీసుకోవచ్చు, ఆయనా తీసుకోవచ్చు.

ఉలవపాడు మామిడి
మంగళవారం, రాత్రి 10:20

నా కథ బాకీ ఉంది కదా.

నాకు మొదట దొరికిన లాయరు మా దూరపు బంధువు చూపించిన మనిషి. పేరు చెప్పను. మొదటి రోజే ‘ఫీజు ఇప్పుడేమీ వద్దమ్మా, వచ్చే భరణంలో పావు వంతు ఇద్దువు గానీ’ అన్నారు. నాకు దేవుడిలా కనిపించారు. తర్వాత గమనించాను, రాజీ మాట వచ్చినప్పుడల్లా ఆయనకు బాబు సంగతి పట్టేది కాదు, అంకె ఒక్కటే పట్టేది. అవతలివాళ్లు తక్కువ డబ్బుకు బాబును పూర్తిగా నా దగ్గరే వదిలేస్తామన్నారు. నాకు అదే చాలు. ఆయన వినలేదు. ఏడాది సాగింది. వేరే లాయరు దగ్గరకు వెళితే తెలిసింది, గెలుపులో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధమని.

మారదామంటే పాత ఆయన ఫైలు ఇవ్వనన్నారు, ‘నా ఫీజు కట్టు’ అని. కొత్త మేడం ఒక్క ఉత్తరం రాశారు. ఫీజు బాకీ ఉందని కక్షిదారు కాగితాలు ఆపి ఉంచుకునే హక్కు లాయరుకు లేదని 2000లో సుప్రీంకోర్టు చెప్పిందట. మరుసటి వారం ఫైలు వచ్చింది, పెళ్లి ఫోటోలలో రెండు తగ్గాయి. వాటి కోసం నేను ఏడవలేదు లే.

చెల్లీ, లాయరును ఎంచుకునేటప్పుడు ఆయన ఎన్ని కేసులు గెలిచారో అడగకు. ‘నాకు ఏమి కావాలో మీకు అర్థమైందా, ఒకసారి చెప్పండి’ అని అడుగు. వాళ్ల నోటితో నీ కోరిక సరిగ్గా చెప్పగలిగితే సగం పని అయినట్టే. కేసు నంబరు అడిగి తీసుకో. పదహారు అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు ఇస్తారు, ఈ-కోర్ట్స్ యాప్‌లో కొడితే వాయిదా ఎప్పుడో, నిన్న కోర్టులో ఏమి జరిగిందో నీకే కనిపిస్తుంది. నాకు ఆ యాప్ తెలిసిన రోజు నుంచి గుమస్తా ఫోను కోసం ఎదురుచూడడం మానేశాను. డబ్బు ఇచ్చిన ప్రతిసారీ రసీదు తీసుకో, లేదా ఫోనులోనే పంపు.

నిమ్మతోట
బుధవారం, ఉదయం 5:55

అక్కా, మీది చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. నాకు ఏమి కావాలో నేనే ఎప్పుడూ అనుకోలేదు. నిన్న రాత్రి నోటు పుస్తకంలో రాసుకున్నాను. మొదట పాప. తర్వాత అమ్మ పెట్టిన హారం, అది అమ్మమ్మది. తర్వాత డబ్బు. ఆయన మీద కోపం నాలుగో పేజీ దాకా రాలేదు, నాకే ఆశ్చర్యం వేసింది.

ఇంకో ప్రశ్న. నా జీతం పదకొండు వేలు. లాయరు ఫీజు ఎక్కడి నుంచి తేవాలి?

పినాకిని ప్రయాణికుడు
బుధవారం, ఉదయం 8:30

ఆడవాళ్లకు ఉచితం కదా. నా కేసులో ఆమెకు అలాగే లాయరును ఇచ్చారు. మంచి లాయరే, ఎదురు ప్రశ్నల్లో నన్ను ఉతికి ఆరేశారు.

నల్లకోటు
బుధవారం, రాత్రి 9:00

అవును. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షను ప్రకారం ఆడవాళ్లకు ఉచిత న్యాయ సహాయం అందుతుంది, ఆదాయంతో పని లేదు. కావలి కోర్టులోనే మండల న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది, ఆధార్, పెళ్లి కాగితాలు పట్టుకుని వెళ్లి దరఖాస్తు ఇవ్వండి. 15100కు ఫోను చేసినా దారి చెబుతారు. ఉచితం అంటే నాసిరకం అని అనుకోకండి, పై సభ్యుడిని అడగండి.

‘మీకు వేరే లాయరు అక్కర్లేదు’ అన్న మాట మీద: ఉమ్మడి పిటిషనుకు ఒకే లాయరు ఉండడం తప్పు కాదు, రోజూ జరిగేదే. కానీ ఆ లాయరుకు ఫీజు ఇస్తున్నది ఎవరో మీకు తెలుసు. కనీసం సంతకం పెట్టే ముందు ముసాయిదా మీ మనిషి చేత చదివించండి.

భరణం ఎంత వస్తుందని ఇక్కడ ప్రైవేటు సందేశాల్లో అడుగుతున్నవాళ్లకు: జీతంలో మూడో వంతు, పావు వంతు అని చట్టంలో ఏ లెక్కా లేదు. 2020లో సుప్రీంకోర్టు తేల్చిన రజనేష్, నేహల కేసు తర్వాత ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు ప్రమాణపత్రంలో చెప్పాలి. అక్కడ రొయ్యల చెరువులు ‘మా నాన్నవి’ అయిపోతాయి, చీమకుర్తి గ్రానైటు లారీలు ‘స్నేహితుడివి’ అయిపోతాయి. అందుకే ముందుగానే పాసుపుస్తకాల నకళ్లు, బ్యాంకు కాగితాలు సంపాదించి పెట్టుకోమని చెబుతాను.

ట్రంకురోడ్డు
బుధవారం, రాత్రి 9:40

మాది చర్చి పెళ్లి. ఇవే నియమాలా?

నల్లకోటు
బుధవారం, రాత్రి 9:52

కాదు. మీకు 1869 నాటి విడాకుల చట్టం. పరస్పర అంగీకారం 2001లో 10ఎ సెక్షనుగా చేర్చారు, అందులో ఏడాదికి బదులు రెండేళ్లు విడిగా ఉండాలని రాసి ఉంది. విడిగా చర్చ మొదలుపెట్టండి, రాస్తాను.

నిర్వాహకుడు
గురువారం, ఉదయం 10:00

ఇద్దరు సభ్యులు లాయర్ల ఫోను నంబర్లు పెట్టారు, తీసేశాను. ఎవరి పేర్లూ, నంబర్లూ వద్దు.

నిమ్మతోట
ఐదు వారాల తర్వాత, శనివారం, రాత్రి 8:45

ఎవరైనా ఇంకా చూస్తున్నారో లేదో, చెప్పడం నా బాధ్యత. న్యాయసేవాధికార సంస్థ నుంచి ఒక లాయరమ్మను ఇచ్చారు. నోటు పుస్తకం చూపించాను, నవ్వి ‘ఇలా రాసుకుని వచ్చినవాళ్లు తక్కువ’ అన్నారు. అవతలివాళ్లు పంపిన ముసాయిదాలో పాప వాక్యం మళ్లీ ఉంది, ఎర్ర గీత కొట్టి పంపారు. వాళ్లు ఒప్పుకున్నారు. పిటిషను నా వైపే వేశాం, ఒంగోలులో కాదు. మొదటి వాంగ్మూలం రోజు రెండు లక్షల డీడీ, హారం చేతికి వచ్చాయి. హారంలో ఒక పూస లేదు. ఆరు నెలలు మాఫీ చేయమని దరఖాస్తు పెట్టారు, వచ్చే నెల వాయిదా.

జడ్జిగారు నన్ను ఒక్కటే అడిగారు, ‘నీ ఇష్టప్రకారమే వచ్చావా అమ్మా?’ అని. అరుగు మీద ఆ మాట ఎవరూ అడగలేదు.

ఉలవపాడు మామిడి
శనివారం, రాత్రి 9:10

సంతోషం చెల్లీ. పూస నేను చేయిస్తాను, ఉలవపాడు రా.

చెరువుగట్టు
ఆదివారం, ఉదయం 6:05

ఇన్నాళ్లూ చదువుతూనే ఉన్నాను, రాయలేదు. పెద్దలు అక్కర్లేదని ఇప్పటికీ ఒప్పుకోను. కానీ మా ఊళ్లో ఇలాంటి కాగితాలు రెండింటి మీద సాక్షిగా నా సంతకం ఉంది. ఒకమ్మాయి మళ్లీ పెళ్లి చేసుకుంది, ఇద్దరు పిల్లలు. ఇంకో అమ్మాయి కనిగిరిలో కుట్టుమిషను పెట్టుకుని బతుకుతోంది. వాళ్లకు ఈ సంగతి తెలియదు. నల్లకోటు గారూ, నేను ముందు ఎవరికి చెప్పాలి, ఏమని చెప్పాలి?

నల్లకోటు
ఆదివారం, ఉదయం 7:30

కనిగిరి అమ్మాయికి ఈ రోజే ఫోను చేయండి. కాగితం పారేయవద్దని, 15100కు ఫోను చేయమని చెప్పండి. మళ్లీ పెళ్లయిన అమ్మాయి సంగతి వేరు, అది ఫోనులో చెప్పే మాట కాదు. ఆమెను భయపెట్టకుండా, ఎవరికీ చెప్పకుండా, ఒక లాయరు దగ్గరకు మీరే వెంట తీసుకుని వెళ్లండి. సాక్షిగా మీరూ రావలసి ఉంటుంది.

చెరువుగట్టు
ఆదివారం, ఉదయం 7:41

వస్తాను.